తప్పంతా గాలిదే

వీల్ హన్నా రాగి గనుల ఊళ్ళో ఏ తప్పు జరిగినా ఎఫ్రాయిమ్ ట్రెగెన్జా దగ్గర ముద్దాయి ఒక్కటే. గాలి. బంతి చేజారినా గాలే, గోల్ తప్పినా గాలే, పొయ్యిలో రొట్టె మాడినా గాలే. కుడిచేతి చూపుడువేలు నోట్లో పెట్టి తడుపుకుని, తలపైకి ఎత్తి, ఒక కన్ను మూసి కాసేపు ఆలోచించి, "గాలి," అనేవాడు. అక్కడితో విచారణ పూర్తి. ముద్దాయి ఏనాడూ ఎదురు చెప్పలేదు కాబట్టి ఆ తీర్పు మీద అప్పీలు కూడా ఉండేది కాదు.

ఆ వేలు ఎత్తే మనిషి అల్లాటప్పా మనిషి కాదు. వారమంతా గనిలో రాగిరాయి తవ్వి, శనివారం మధ్యాహ్నం చొక్కా మార్చుకుని మైదానంలోకి దిగితే, రేవు ఊరి జట్టువాళ్ళు కూడా లోపల్లోపల దణ్ణం పెట్టుకునేవారు. పెద్ద చెవులు, పొడుగు చేతులు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే, చేత్తో కూడా పట్టుకునే ఆ ఫుట్‌బాల్ బంతి ఎంత ఎత్తున వచ్చినా పదిమంది తలల మీద నుంచి అందుకునేవాడు. చాలా ఏళ్ళు జట్టులో ఆడి, కెప్టెన్‌గా ఉండి, మోకాలు మొరాయించాక కోచ్ అయ్యాడు. ఆటగాడిగా ఉన్నప్పుడు తన పక్కవాళ్ళ తప్పులకే గాలిని తిట్టేవాడు. కోచ్ అయ్యాక జట్టు మొత్తానికీ కలిపి తిట్టాల్సి వచ్చింది. గాలికి పని పెరిగింది.

ఆ తడి వేలు చూస్తే ఒళ్ళంతా కారం రాసుకున్నట్టు మండే మనిషి ఊళ్ళో ఒకడుండేవాడు. పేరు జొసాయా నాన్‌కెర్విస్. గనిలో వడ్రంగి, మెథడిస్టు చర్చిలో పెద్ద, ఊరి జట్టు తరఫున గోల్ అంపైర్. తెల్లకోటు తొడుక్కుని స్తంభాల దగ్గర నిలబడి, బంతి రెండు పొడుగు స్తంభాల మధ్య నుంచి వెళితే రెండు జెండాలూ ఊపేవాడు, అది గోల్, ఆరు పాయింట్లు. పక్కనున్న పొట్టి స్తంభం వైపు వెళితే ఒక్క జెండా ఊపేవాడు, అది ఒక్క పాయింటే. మూడో జెండా లేదు, మూడో మాటా లేదు. జొసాయా బతుకంతా అంతే. తన పెళ్ళినాడు అత్తగారు ముచ్చటపడి, "కుంకుమపువ్వు కేకు ఎలా ఉంది బాబూ?" అని అడిగితే, "ఎండిపోయిందండీ," అన్నాడు. ఆవిడ ఆ తర్వాత ఎనిమిదేళ్ళు బతికింది గానీ అతనికి మళ్ళీ కేకు పెట్టలేదు.

అలాంటివాడు ఎఫ్రాయిమ్‌కి ప్రాణస్నేహితుడు. చిన్నప్పటినుంచీ ఒకే వీధి, ఒకే బెంచీ. దేవుడికి కూడా సరదా ఉంటుందనడానికి ఇదొక దాఖలా.

జొసాయా ఫిర్యాదు ఆ ఊళ్ళో గాలి లేదని కాదు. ఉంది. సముద్రం కూతవేటు దూరంలో ఉన్న ద్వీపకల్పం అది. చలికాలమంతా ఉప్పుగాలి ఈడ్చి కొడుతూనే ఉంటుంది. టాస్ గెలిచినవాడు ముందు ఏ వైపు నుంచి ఆడాలో గాలిని చూసే ఎంచుకుంటాడు. అందుకని గాలిని ఎప్పుడో ఒకసారి తప్పుపట్టడం న్యాయమే. కానీ ఎఫ్రాయిమ్‌కి న్యాయంతో పని ఉండేది కాదు.

ఒబదయా అని ఒక భారీ శాల్తీ జట్టులో ఉండేవాడు. ఒకసారి అతను బంతిని చేతికి తీసుకుని, చుట్టూ ఎవరూ లేకపోయినా, ఎవరూ తొయ్యకపోయినా, దున్నపోతు మడుగులో పడ్డట్టు బురదలో బోర్లా పడ్డాడు. బంతి కింద, అతను పైన. బంతిని బయటికి లాగడానికి ముగ్గురు కావాల్సి వచ్చింది. ఊరంతా ఒబదయాని తిట్టడానికి నోరు తెరిచేలోపు ఎఫ్రాయిమ్ వేలు లేచింది.

"గాలి," అన్నాడు.

"ఒబదయాని పడేసే గాలి వస్తే చర్చి కప్పు ముందు ఎగిరిపోవాలి," అని జొసాయా స్తంభాల దగ్గరనుంచే అన్నాడు. జనం కడుపులు పట్టుకుని నవ్వారు. ఒబదయా లేచి, ముఖం తుడుచుకుని, తిరిగి ఆటలో కలిశాడు. ఆ రోజు అతన్ని ఒక్కరూ తిట్టలేదు. ఎవరికీ తీరిక దొరకలేదు.

చర్చిలో హార్మోనియం వాయించే ముసలావిడ ఒక ఆదివారం ఒక పాటకి ఇంకో పాట వరస అందుకుంది. సగంమంది ఇటూ సగంమంది అటూ పాడి, రాగం రెండుగా చీలింది. ఆవిడ ముఖం పాలిపోయింది. వెనక బెంచీ నుంచి వేలు లేచింది. హార్మోనియం తిత్తిలోకి సముద్రపు గాలి దూరితే వరస మారుతుందని ఎఫ్రాయిమ్ ప్రార్థన అయ్యాక అందరికీ వివరించాడు. అంత తెలివితక్కువ మాట ఆ చర్చిలో అంతకుముందు ఎవరూ వినలేదు. ఇంటికి వెళ్ళేటప్పుడు అందరూ ఆ మాట చెప్పుకునే నవ్వుకున్నారు.

అన్నిటికన్నా జొసాయాని ఏడిపించింది గని లోపలి ముచ్చట. భూమికి అంత లోతున, కొవ్వొత్తి వెలుగు కూడా కదలని చోట, ఒకడి చేతిలో సుత్తి జారి ఎఫ్రాయిమ్ బూటు మీదే పడింది. ఎఫ్రాయిమ్ కుంటుకుంటూనే వేలు తడిపాడు.

"ఇక్కడ గాలెక్కడిదయ్యా?" అన్నాడు అక్కడే దూలం బిగిస్తున్న జొసాయా.

"అదే నేననేది. గాలాడకే కదా వాడికి చెయ్యి చెమటపట్టి జారింది."

ఉంటే ఉన్నందుకు, లేకపోతే లేనందుకు. జొసాయా ఆరోజు పాస్టీ సగమే తిన్నాడు. మాంసం, బంగాళాదుంపలు కూరి, అంచు గట్టిగా మడిచి కాల్చిన ఆ పాస్టీని సగంలో వదిలెయ్యడమంటే సముద్రాలు దాటి వచ్చిన ఆ కార్నిష్ గనివాళ్ళలో మామూలు కోపం కాదు.

ఆడలేనమ్మ మద్దెల ఓడు అందట. ఎఫ్రాయిమ్ సంగతీ అంతేనని ఊరి అభిప్రాయం. ఆ అభిప్రాయానికి ఒక్కటే ఒక్క సంగతి అడ్డం వచ్చింది, దాన్ని కూడా ఎవరూ పట్టించుకోలేదు. ఒక జూలైలో నిజంగానే పెనుగాలి వీచింది. టోపీలు, గొడుగులు, ఒకరి పెట్టుడు మీసం కూడా ఎగిరిపోయాయి. ఆ మీసం పెట్టుడుదని అప్పటిదాకా ఊరికి తెలియదు. ఆరోజు ఎఫ్రాయిమ్ తన్నిన బంతి గోల్ వైపు తిన్నగా వెళ్ళి, గాలికి అడ్డంగా కొట్టుకుపోయి, గుర్రాల కొట్టంలో పడింది. జనమంతా ముందే సిద్ధపడి, కొందరు వేళ్ళు తడుపుకుని ఎత్తి, "గాలి, గాలి," అని కేకలు పెట్టారు. ఎఫ్రాయిమ్ ముఖం చిట్లించాడు.

"గాలి కాదు, నేనే సరిగ్గా తన్నలేదు," అన్నాడు.

ఊరికి చిరాకేసింది. నిజంగా గాలిదే తప్పయిన ఒక్కరోజూ కాదంటాడా? మొండితనమంటే ఇదీ, అనుకున్నారు. జొసాయా కూడా అలాగే అనుకుని ఒక జెండా ఊపి ఊరుకున్నాడు.

కోచ్‌గా ఎఫ్రాయిమ్ పద్ధతి తేలిక. గనిలోంచి పైకొచ్చిన కుర్రాళ్ళని, రాయి కొట్టగా మిగిలిన చెత్తగుట్టల మీదికి పరిగెత్తించేవాడు, మళ్ళీ కిందికి పరిగెత్తించేవాడు. తర్వాత బంతి ఇచ్చి, గాలికి ఎదురుగా తన్నమనేవాడు, అడ్డంగా తన్నమనేవాడు. ఎవరైనా తప్పితే గాలిని తిట్టి, ఆ కుర్రాడిని మళ్ళీ తన్నమనేవాడు. అలా తిట్టుపడని కుర్రాళ్ళు, చిత్రంగా, బాగా ఆడటం నేర్చారు. వాళ్ళలో వెస్లీ ట్రెంబాత్ మరీ చక్కగా తన్నేవాడు. తండ్రి గనిలో పోయాడు. తల్లికీ ఇద్దరు చెల్లెళ్ళకీ వాడి రెక్కలే ఆధారం. నోట్లో మాట లేని పిల్లవాడు. ఎఫ్రాయిమ్‌ని 'బాబాయ్' అనేవాడు, అంతకుమించి ఒక వారంలో ఇంకో మాట అన్నాడంటే విశేషమే.

ఒక ఏడు వీల్ హన్నా చాలాకాలానికి మళ్ళీ ఫైనల్‌కి చేరింది. ఎదురుజట్టు రేవు ఊరివాళ్ళే. మైదానం తమ ఊరిదే. గని ఇంజిను ఆ రోజు కూడా ఆగలేదు, ఎందుకంటే కింద ఊరే నీళ్ళు తోడకపోతే గని మునుగుతుంది. చిమ్నీ పొగ మాత్రం నిట్టనిలువుగా లేచింది, ఆకాశం నుంచి తాడు వేలాడదీసినట్టు. ఏడాదిలో గాలి సెలవు పుచ్చుకునే ఒకటి రెండు రోజుల్లో అదొకటి కాబోలు.

ఆట చివరికి వచ్చేసరికి వీల్ హన్నా రెండు పాయింట్లు వెనకబడి ఉంది. అప్పుడు వెస్లీ, స్తంభాలకి సరిగ్గా ఎదురుగా, దగ్గర్లో, బంతిని నేల తాకకుండా చేతుల్లో పట్టుకున్నాడు. అలా పట్టుకున్నవాడికి ఎవరూ అడ్డురాకుండా తన్నుకునే హక్కు ఉంటుంది. అంతలో ఆట ముగిసిన గంట కొట్టారు. గంట కొట్టినా ఆ ఒక్క తన్నూ మిగిలే ఉంటుంది. ఒబదయా పడుకుని కాలు ఊపినా గోల్ అయ్యేంత దగ్గర అది. ఆడవాళ్ళు అప్పుడే ఏడవడం మొదలుపెట్టారు, సంతోషంతో.

వెస్లీ తన్నాడు. బంతి వాడి బూటు పక్కకి తగిలి, పొడుగు స్తంభాన్ని రాసుకున్నంత దగ్గరగా, బయటినుంచి వెళ్ళిపోయింది.

జొసాయా చేతుల్లో రెండు జెండాలున్నాయి. కంచె మీద నుంచి ఎవరో, "రెండూ ఊపెయ్ జొసాయా, ఎవడు చూశాడు?" అన్నారు. జొసాయా చూశాడు. ఒక్క జెండా ఊపాడు. వీల్ హన్నా ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయింది.

వెస్లీ అక్కడే నిలబడిపోయాడు. వేలమంది వాడివైపు తిరిగారు. ఎఫ్రాయిమ్ మోకాలు ఈడ్చుకుంటూ మైదానం మధ్యకి నడిచి, వాడి భుజం మీద ఎడమచెయ్యి వేసి, కుడిచేతి వేలు తడిపి, అందరికీ కనపడేలా ఎత్తాడు.

"గాలి," అన్నాడు.

జనం ఒక్కసారిగా వాడిని వదిలి ఎఫ్రాయిమ్ మీద పడ్డారు. పొగ చూడవయ్యా అన్నారు, కళ్ళజోడు పెట్టుకోమన్నారు, ఆ వేలు కోసి మ్యూజియంలో పెట్టమన్నారు. పొగ సంగతి వేరని ఎఫ్రాయిమ్ అన్నాడు. ఆ సందట్లో వెస్లీ ఎప్పుడు ఇంటికి వెళ్ళాడో ఎవరూ చూడలేదు. ఆ సాయంత్రమంతా ఊరు ఎఫ్రాయిమ్‌నే తిట్టుకుంది.

కానీ ఇంత పెద్ద ఓటమికి ఒక సాయంత్రం సరిపోదు. ఆదివారం చర్చిలో వెస్లీ కూర్చున్న బెంచీలో అటు ఇద్దరు, ఇటు ముగ్గురు లేచి వేరే చోటికి మారారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. గనివాళ్ళు. భూమి కింద ఈల వేస్తే అపశకునమని నమ్మేవాళ్ళు. అంత దగ్గర నుంచి, గాలి లేని రోజున, గోల్ తప్పినవాడిని అదృష్టం వదిలేసినట్టే లెక్క. అదృష్టం వదిలేసినవాడి పక్కన నిలబడి రాతిలో మందుగుండు దట్టాలంటే ఎవరికైనా భయమే.

పైగా వేలం దగ్గర పడింది. వీల్ హన్నాలో నెలజీతాలుండవు. ముఠాలుగా చేరి, ఏ ముఠా ఏ చోట ఎంత తక్కువ కూలికి తవ్వుతుందో గని పనులన్నీ చూసే కెప్టెన్ ముందు వేలం పాడుకోవాలి. ఏ ముఠాలోనూ చోటు దొరకనివాడికి మళ్ళీ వేలం దాకా పని లేదు, తిండీ లేదు. వెస్లీ తల్లి చర్చి గుమ్మం దగ్గర నిలబడి ప్రతివాడినీ పలకరించింది. ప్రతివాడూ ఆవిడ ఆరోగ్యం అడిగి తప్పుకున్నాడు.

అదంతా చూసి జొసాయా మనసు బాగోలేక, ఆ చిరాకు ఎఫ్రాయిమ్ భార్య కెరెన్ మీద చూపించాడు.

"నీ మొగుడు ఊరందరి చేతా నవ్వించుకుంటున్నాడమ్మా. ఆరోజు ఆకు కదల్లేదు. పెద్దమనిషి అనిపించుకోవాల్సిన వయసు."

కెరెన్ పాటల పుస్తకం మూసింది. "నవ్వనీ జొసాయా. నవ్వుతున్నంతసేపూ వాళ్ళ నోళ్ళు ఇంకో పని చెయ్యవు. మా జాబెజ్ అప్పుడు నవ్వించేవాళ్ళు లేకపోయారు."

జాబెజ్ హోస్కింగ్ కెరెన్ తమ్ముడు. చాలా ఏళ్ళ కిందట ఇలాగే ఒక ఫైనల్లో, ఇలాగే ఒక గోల్ తప్పాడు. అప్పుడు ఎఫ్రాయిమ్ కుర్ర కెప్టెన్. కాలికన్నా నోరు పదునుగా ఉండేది. "మమ్మల్ని నీ కాలే ముంచింది," అని అందరి ముందూ అన్నాడు. అంతే, ఇంకేమీ అనలేదు. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం. మర్నాటికి ఊరంతా అదే మాట, అవే అక్షరాలు. వేలంలో జాబెజ్‌ని ఏ ముఠా కలుపుకోలేదు. వాడు పడమటి బంగారు గనులవైపు వెళ్ళిపోయి మళ్ళీ రాలేదు. అక్కడ సారా కొట్టు పెట్టుకుని సుఖంగానే ఉన్నాడని వినికిడి. కానీ సారా ముట్టని మెథడిస్టు ఊళ్ళో ఆ కబురు చావు కబురు కన్నా మెల్లగా చెప్పుకుంటారు.

జొసాయా ఇంటికి నడుస్తూ ఆలోచించాడు. ఎఫ్రాయిమ్ వేలు మొదటిసారి ఎప్పుడు లేచింది? జాబెజ్ వెళ్ళిన మరుసటి ఏడే. ఇన్నేళ్ళలో ఆ వేలు ఎవరెవరి కోసం లేచింది? ఒబదయా కోసం, హార్మోనియం ముసలావిడ కోసం, సుత్తి జారినవాడి కోసం. తన కోసం ఒక్కసారి కూడా లేవలేదు. టోపీలన్నీ ఎగిరిపోయిన రోజు కూడా, నేనే సరిగ్గా తన్నలేదన్నాడు. ఈ మనిషి మద్దెలని తిట్టింది తనకి ఆడటం రాక కాదు. వేరేవాళ్ళ అడుగు తప్పినప్పుడల్లా జనం చూపు మద్దెల మీదికి తిప్పాడు. స్తంభాల మధ్య వెంట్రుకవాసి తేడా పట్టుకునే కన్ను తనది. పక్కనున్న మనిషిని ఇన్నేళ్ళూ తప్పుగా చూసిందని జొసాయాకి సిగ్గేసింది.

వేలం రోజు గనివాళ్ళంతా ఆఫీసు ముందు గుమిగూడారు. గని కెప్టెన్ పెన్‌గెల్లీ వరండాలో నిలబడ్డాడు. తవ్వే చోటు పేరు ఆయన చదువుతాడు, ముఠాలు పాడతాయి, ఆయన ఒక గులకరాయి పైకి విసురుతాడు. అది నేల తాకేలోపు ఆఖరున పాడినవాడిది పని. వెస్లీ దూరంగా గోడకి ఆనుకుని, బూట్లు చూసుకుంటూ నిలబడ్డాడు.

ఎఫ్రాయిమ్ ముఠా వంతు వచ్చింది. పాడేముందు మనుషుల పేర్లు చెప్పమన్నాడు కెప్టెన్. ఎఫ్రాయిమ్ వరసగా చెప్పి, చివర్లో "వెస్లీ ట్రెంబాత్," అన్నాడు.

అతని ముఠాలోనే ఉన్న ఒబదయా దగ్గాడు. "ఎఫ్రాయిమ్, ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. కానీ పిల్లలు గలవాణ్ణి. అదృష్టం లేనివాడి పక్కన నిలబడి మందు దట్టలేను. వాడొస్తే నేను రాను."

ఒబదయా పక్కనున్న ఇంకొకడు కూడా తల ఊపాడు. బురదలో బోర్లాపడ్డ రోజు గుర్తు చేస్తే ఒబదయా నోరు మూతపడేది. ఎఫ్రాయిమ్ గుర్తు చెయ్యలేదు. వేలు తడిపాడు.

"వాడి అదృష్టానికి ఏమీ కాలేదు. అది గాలి."

జనం గొల్లుమన్నారు. కెప్టెన్ పెన్‌గెల్లీకి కూడా నవ్వొచ్చింది గానీ హోదా అడ్డొచ్చింది. "పొగ నిలువుగా లేవడం నేను కూడా చూశాను ట్రెగెన్జా."

"అదే కెప్టెన్ గారూ. రోజూ వీచేది ఆరోజు వీచలేదు. గాలికి అలవాటుపడ్డ కుర్రాడు, దాన్ని లెక్కలో వేసుకుని తన్నాడు."

ఈసారి నవ్వు ఇంకా పెరిగింది. ఉంటే ఉందని తిడతాడు, లేకపోతే లేదని తిడతాడు అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఎఫ్రాయిమ్ మాటలో కొంత నిజం ఉన్నా వినే చెవి లేదు; ఇన్నేళ్ళుగా ప్రతిదానికీ వాడగా వాడగా గాలి అన్న మాటే అరిగిపోయింది. నవ్వడం ఒకటే మిగిలింది, నవ్వుతూనే వాళ్ళు వెస్లీని వెలివేస్తున్నారు. ఎఫ్రాయిమ్ మాత్రం నవ్వలేదు. ఎత్తిన వేలు దించలేదు.

కెప్టెన్ విసుక్కున్నాడు. "ఈ గాలి గొడవ ఇవాళ్టితో తేలిపోవాలి. స్తంభాల దగ్గర నిలబడ్డవాడు ఇక్కడే ఉన్నాడు. జొసాయా, నువ్వు చెప్పు. ఆరోజు గాలి ఉందా, లేదా?"

అందరూ అటు తిరిగారు. సొంత ఊరు గెలుస్తుందంటే కూడా రెండో జెండా ఎత్తని మనిషి. అత్తగారి కేకుని కూడా వదలని మనిషి. ఎఫ్రాయిమ్ వేలు మెల్లగా కిందికి దిగింది. జొసాయా ఏం చెబుతాడో అతనికి అందరికన్నా బాగా తెలుసు. గోడ దగ్గర వెస్లీ తలెత్తలేదు.

జొసాయా ఒక అడుగు ముందుకు వేశాడు. "ఉంది," అన్నాడు.

నవ్వు ఆగిపోయింది.

"కింద లేదు. పొడుగు స్తంభాల ఎత్తులో ఉంది. సముద్రం వైపు నుంచి. బంతి నా తలదాకా తిన్నగానే వచ్చింది, అక్కడ పక్కకి తిరిగింది. మీకు తెలియదు, అక్కడ నిలబడ్డది నేను."

అలవాటు లేనివాడు అబద్ధమాడితే ఎక్కడ ఆపాలో తెలియదు. జొసాయాకి మంచి ఊపొచ్చింది. తన కోటు అంచు ఎగిరిందన్నాడు. జెండా దానంతటదే విప్పుకుందన్నాడు. అంతకుముందే టోపీ కూడా ఒకసారి, అంటూ ఉండగా, ఇంకాసేపైతే ఊళ్ళోకి తుఫాను వచ్చేటట్టుందని ఎఫ్రాయిమ్ గట్టిగా దగ్గాడు. జొసాయా ఆగాడు.

ఒబదయా టోపీ తీసి తల గోక్కున్నాడు. "జొసాయా ఉందన్నాడంటే ఉన్నట్టే," అన్నాడు. తర్వాత గోడవైపు తిరిగి, "ఏరా అబ్బాయ్, అక్కడ నిలబడ్డావేం? ఇటు రా," అన్నాడు.

కెప్టెన్ పెన్‌గెల్లీ గులకరాయి పైకి విసిరాడు. అది నేల తాకేలోపు ఎఫ్రాయిమ్ పాడాడు, అతని పక్కన వెస్లీ నిలబడి ఉన్నాడు.

వెస్లీ ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆడాడు. ఎన్నో గోల్స్ వేశాడు, ఎన్నో తప్పాడు. తప్పిన ప్రతిసారీ ఊళ్ళో సగంమంది వేళ్ళు తడిపి ఎత్తేవారు. అది మొదట ఎగతాళిగానే మొదలైంది. పోనుపోను ఊరి అలవాటయింది. ఆ ఊళ్ళో గోల్ తప్పి వలసపోయినవాడు మళ్ళీ ఒకడు లేడు.

ఆనాడు వేలం అయ్యాక స్నేహితులిద్దరూ ఇంటికి నడిచారు. చిమ్నీ పొగ ఆరోజు కూడా నిలువుగానే లేస్తోంది.

"ఫైనల్ రోజు ఆకు కూడా కదల్లేదు," అన్నాడు జొసాయా.

"కదల్లేదు," అన్నాడు ఎఫ్రాయిమ్.

ఇంకొంచెం దూరం నడిచారు. జొసాయా గుండెల మీద ఇంజినంత బరువుంది. ఆదివారం చర్చిలో నిలబడి ఏ ముఖంతో ప్రార్థన చెప్పాలో అతనికి తెలియడం లేదు. "నా బతుకులో ఆడిన మొదటి అబద్ధం, ఎఫ్రాయిమ్. ఊరందరి ముందూ, కోటుతో, టోపీతో సహా. ఈ తప్పు ఎవరిదంటావ్?"

ఎఫ్రాయిమ్ చేతులు రెండూ జేబుల్లోనే ఉన్నాయి. వేలు బయటికి రాలేదు. "నాది," అన్నాడు.

జొసాయా దారిలో ఆగిపోయాడు. తన చూపుడువేలు నోట్లో పెట్టుకుని తడుపుకుని, తలపైకి ఎత్తి, ఒక కన్ను మూసి, కదలని గాలిలో కాసేపు అలాగే ఉంచాడు.

"కాదు, గాలిది," అన్నాడు. తర్వాత ఇద్దరూ ఇంటివైపు నడిచారు.